ఎవరూ వెతకని పుస్తకాలు

లారీ కాలేజీ గేటు దాటేసరికి పదకొండూ పది. పన్నెండింటికల్లా మూడు వేల రెండొందల పుస్తకాలు అందులోకి ఎక్కాలి. అక్కణ్నించి నేరుగా కాగితం మిల్లుకి.

ఆ పుస్తకాల జాబితా లైబ్రేరియన్ చేతిలో నలుగుతోంది. పైన ఒకే వాక్యం: ‘కొత్త వెబ్‌సైటులో ఆరు నెలలుగా ఏ విద్యార్థీ తెరవని పుస్తకాలు.’

పావుగంట క్రితం దాకా ఆమె కూడా నమ్మింది. అప్పుడే ఒక నర్సింగ్ విద్యార్థిని కౌంటరు దగ్గరికొచ్చింది.

"పిల్లల జబ్బుల పుస్తకం మన దగ్గర లేదట కదా మేడమ్?"

"ఎవరన్నారు?"

"మీ సైటే."

ఆ పుస్తకం లైబ్రేరియన్ వీపు వెనకే ఉంది. ఆరు కాపీలు.

అక్కడే టైపు చెయ్యమంది. పుస్తకం పేరు కొడితే ‘లేదు’. రచయిత పేరు కొడితే ‘లేదు’. లైబ్రేరియన్ వంగి 20417 అని కొట్టింది. కన్ను మూసి తెరిచేలోగా పుస్తకం వచ్చింది.

ఆమె ఒళ్లు మండిపోయింది. 20417 అనేది పుస్తకం కొన్న రోజున అట్ట లోపల వేసే ముద్ర. సిబ్బంది పుస్తకాలను ఆ నంబర్లతోనే పిలుచుకుంటారు. సైటును పరీక్షించిన రోజు ఆమె కూడా అలవాటుకొద్దీ నంబర్లే కొట్టింది, సంతకం పెట్టింది. ఆరు నెలలుగా పిల్లలు ‘లేదు’ చూసి తిరిగి పోతున్నారు. సైటు మొదటి పేజీలో అట్టల బొమ్మలు కనపడే కొత్త పుస్తకాలే ఈ జాబితాలో పడకుండా బతికాయి.

ప్రిన్సిపాల్ గది తలుపు తోసుకుని వెళ్లింది. ఆయన మేనల్లుడు కూడా అక్కడే ఉన్నాడు, సైటు తయారుచేసింది అతనే.

"లారీ ఆపండి సార్."

"ఇప్పుడేంటి మేడమ్? ఎవరికీ అక్కర్లేని చెత్త కోసం..."

"చెత్త కాదు. సైటులో కనపడ్డం లేదు."

ప్రిన్సిపాల్ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "‘వెతకడం బాగా పనిచేస్తోంది.’ కింద సంతకం ఎవరిది? నాదా?"

"నాదే. బుద్ధి గడ్డి తిని పెట్టాను." ఆమె కంప్యూటరును మేనల్లుడి వైపు తిప్పింది. "పిల్లల జబ్బుల పుస్తకం తియ్యి బాబూ."

"నంబరు చెప్పండి."

"నంబరెక్కడుంటుంది?"

"అట్ట లోపల."

"పుస్తకం?"

"అలమరాలో."

"ఏ అలమరా?"

"అది సైటులో నంబరు కొడితే..." అతను ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "మామయ్యా, మీరిచ్చిన రిజిస్టరు నంబర్ల వరసలో ఉంది, నేను అలాగే..."

"ఇక్కడ సార్ అను!"

కింద లారీలో మొదటి కట్ట ధబ్బుమని పడింది.

"అవి పోతే పిల్లలు పరీక్షకి ఏం చదువుతారు సార్? సైటు నిండా మీ ఫొటోలు పదకొండున్నాయి, అవి చదవాలా?"

ప్రిన్సిపాల్ మొహం కందిపోయింది. "తప్పు మీదేనని రాసిస్తారా? కాలేజీ కమిటీ నన్నడిగితే చూపించాలి."

"పెన్నివ్వండి."

నిలబడే మూడు వాక్యాలు రాసి బల్ల మీదికి విసిరింది. "ఇప్పుడు లారీవాడికి ఫోన్ చెయ్యండి."

అప్పటికే ఎక్కిన ఇరవై రెండు కట్టలూ దించేదాకా ఆమె లారీ ముందు నుంచి కదల్లేదు.

సాయంత్రం నాలుగింటికి మేనల్లుడు కౌంటరు దగ్గరికొచ్చాడు. "పేరుతో వెతకడం పెట్టేశాను. ఒక్కసారి చూస్కోండి."

"నేను చూడను. చూసే ఒకసారి కొంప ముంచాను. ఆ వరసలో ఉన్న పిల్లలు చూస్తారు, నువ్వు పక్కన కూర్చో."

ఒక అమ్మాయి తనక్కావలసిన పుస్తకం వెతకడానికి కంప్యూటరు ముందు కూర్చుంది. తెరంతా చూసింది. ఫొటోల మీద నొక్కింది. ఆగింది.

"అక్కడ కాదమ్మా, పేరు కొట్టే గడి కింద..." మేనల్లుడి చెయ్యి మౌస్ మీదికి పోయింది.

లైబ్రేరియన్ రిజిస్టరుతో బల్ల మీద ఫట్‌మని కొట్టింది. "చెయ్యి తియ్యి. నోరు కూడా మూసుకో. వాళ్లింట్లో పక్కన కూర్చుని నువ్వు చెప్తావా?"

అతను చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. అమ్మాయి ఇంకో రెండు నిమిషాలు తంటాలు పడి లేచింది. "దొరకలేదు మేడమ్."

"ఎక్కడ ఆగిపోయిందో రాసుకో," అంది లైబ్రేరియన్ అతనితో. తర్వాత వరసలోకి చూసింది. "తర్వాతెవరు? రా అమ్మా, కూర్చో."