తడిగుడ్డతో సోదా

కార్తీక సోమవారం పొద్దున సదాశివ అభిషేకం ముగించి, నుదుటి విభూతి ఆరకముందే వాకిట్లో బూట్ల చప్పుడు విన్నాడు. సబిన్‌స్పెక్టర్ వామన్‌రావు, వెనక కానిస్టేబుల్ గట్టయ్య, వాళ్ల వెనక సాక్షులుగా ఇద్దరు: పక్కింటి రామచందర్ మాస్టారు, గల్లీ మొదట్లో పాన్ డబ్బా నడిపే భూమయ్య. నాంపల్లి స్టేషన్ వెనక ఏ ఇంట్లో సోదా జరిగినా భూమయ్యే సాక్షి. గడప బయట నిలబడి సంతకం పెట్టి పోవడం ఆయన అలవాటు.

"మీ తమ్ముడు పనిచేసే దుకాణంల మూడు గడియారాలు పోయినయ్," అన్నాడు వామన్‌రావు, వారంటు కాగితం చూపిస్తూ. "ఇల్లు చూడాలె."

తమ్ముడు విద్యాసాగర్ ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేస్తాడు. మూడు రోజులుగా సేటు దుకాణం మెట్లు ఎక్కనివ్వడం లేదు. ఇంట్లో ఒక్క గడియారం దొరికినా పిల్లవాడు జైలుకే. సదాశివకు భయాలు రెండు. దొరుకుతుందేమోనని ఒకటి, వీళ్లే దొరికిస్తారేమోనని ఇంకొకటి. చాదర్‌ఘాట్‌లో ఎవరి పెట్టెలోనో, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడని గొలుసు దొరికిందని నిరుడు విన్నాడు.

సోదాకు వచ్చినవాళ్లు ముందు తమ జేబులు చూపించి లోపలికి రావడం పద్ధతని, గన్‌ఫౌండ్రీలో తన ఆఫీసు పక్కనుండే వకీలు గుమాస్తా ఒకసారి చెప్పాడు. ఆ మాట సదాశివ గొంతు దాకా వచ్చింది. ఖాకీ బట్టలు చూసి మళ్లీ కిందికి దిగిపోయింది.

అంతలో భార్య అహల్య తడిచీరతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"నైవేద్యం వేళవుతోంది, ముందు దేవుడి గది చూసేయండి. కానీ ఈ బట్టలతో గడప దాటనివ్వను. స్నానం చేసి, తడిగుడ్డ కట్టుకుని వెళ్లాలి."

"అమ్మా, గిది సర్కారు పని."

"నేనేమన్నా కాదన్నానా నాయనా? నీళ్లు తోడమంటారా?"

వామన్‌రావు తుమ్మాడు. "నాకు జలుబు," అంటూ గట్టయ్య వైపు చూశాడు.

"ఔ సార్, మా అవ్వ గూడ గింతే," అన్నాడు గట్టయ్య, అప్పటికే బూట్లు విప్పుతూ. "బూట్లతోని దేవునర్రలకు పోతే వీపు పగలగొట్టేది."

చన్నీళ్లు నెత్తిన పడగానే "శివ శివా!" అని గట్టయ్య పెట్టిన కేక గల్లీ చివరిదాకా వినిపించింది.

"ఏం గట్టన్నా, డ్యూటీలనే పుణ్యం కొట్టేస్తున్నవ్!" అని నవ్వాడు భూమయ్య.

గట్టయ్య వణుకుతూ దేవుడి గదిలోకి వెళ్లాడు. ఒంటి మీద నడుముకు అంటుకుపోయిన తువ్వాలు తప్ప ఏమీ లేదు. బిల్వదళాల బుట్ట ఎత్తాడు, పుస్తకాల మూట విప్పాడు. గుమ్మం దగ్గర్నుంచి చూస్తున్న సదాశివకు అప్పుడు తట్టింది. ఈ మనిషి దగ్గర దాచి తెచ్చేందుకు చోటే లేదు. ఇక ఏది దొరికినా అది ఇంట్లో ఉన్నదే.

గట్టయ్య పీట కింది పెట్టెలో చెయ్యి పెట్టాడు. సదాశివ గుమ్మం పట్టుకుని ముందుకు వంగాడు. నిజంగానే తమ్ముడు తెచ్చి పెట్టి ఉంటే? 'శివా, ఉంటే కనిపించనీ. లేకపోతే లేనట్టే ఉండనీ' అనుకున్నాడు. తమ్ముడి కోసం అంతకన్నా గట్టిగా మొక్కలేకపోయినందుకు సిగ్గుపడ్డాడు కూడా.

"అగరొత్తులు, పాత పంచాంగాలు సార్. ఏం లేదు."

వామన్‌రావు బెల్టు సర్దుకుని విద్యాసాగర్ గది వైపు నడిచాడు. గట్టయ్య చొక్కా తొడుక్కుంటున్నాడు. దొంగతనం అంటగట్టడానికి వీల్లేని దేవుడికి ఇంత కట్టుదిట్టమా, అంటగట్టడానికి వీలున్న నా తమ్ముడికి ఏమీ లేదా అనిపించింది సదాశివకు. మాట దానంతటదే బయటికొచ్చింది.

"సాబ్, జర జేబులు చూపించి లోపలికి పోండి."

"నా మీదనే అనుమానమా?"

"కాదు సాబ్. అట్లా చూపిస్తే రేపు ఏది దొరికినా నేను కాదనలేను కదా."

"దొంగలు దండలు ఏసుకొని ఠాణాకొస్తరా? మేం ఇండ్లల్ల చొరబడకుంటే ఎట్ల దొరుకుతరు?"

"చొరబడండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు రామచందర్ మాస్టారు. "జేబులు చూపించడం పద్ధతే కదండీ?"

"నేను గిన్ని సోదాలు చూసిన గని, గిట్ల ఎవ్వరు అడగలే," అన్నాడు భూమయ్య.

"నువ్వెక్కడ చూశావయ్యా, సంతకాలు పెట్టావు!" అన్నాడు మాస్టారు.

గట్టయ్య నవ్వు ఆపుకోలేకపోయాడు. వామన్‌రావు విసురుగా జేబులు బోర్లించాడు. దగ్గు బిళ్లలు, రుమాలు, మొజంజాహీ మార్కెట్‌లో కూతురికి కొన్న రెండు ఎర్ర రిబ్బన్లు. గట్టయ్య దగ్గర సగం కాల్చిన బీడీ. ఆ తర్వాత గంటసేపు పరుపులు విప్పారు, బియ్యం డబ్బా గుమ్మరించారు. సాక్షులిద్దరూ వెంటే తిరిగారు. గడియారాలు లేవు.

పోలీసులు వెళ్లబోతుంటే సదాశివ అడ్డం నిలబడ్డాడు. "కాగితం సాబ్."

"ఏం దొరకలే గదా, కాగితం ఏంది?"

"మీరు రావడం గల్లీ అంతా చూసింది. ఏమీ దొరకలేదని ఎవరు చెప్పాలి?"

వామన్‌రావు అతన్ని ఒక్క క్షణం చూసి, అరుగు మీద కూర్చుని రాశాడు, నకలు కూడా. భూమయ్య కలం అందుకుని ఆగాడు. "జర చదువుండ్రి సార్, ఏం రాసిన్రో."

వాళ్లు వెళ్లాక, అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న విద్యాసాగర్ నోరు విప్పాడు. "అన్నా, నేనే తీశానని నువ్వు కూడా అనుకున్నావా?"

సోమవారం పూట అబద్ధమాడలేకపోయాడు సదాశివ. "ఒక్క నిమిషం అనుకున్నానురా."

విద్యాసాగర్ నకలు మడిచి జేబులో పెట్టుకుని వీధిలోకి నడిచాడు. సదాశివ చెప్పులు వేసుకున్నాడు.

"ఏమండీ, నైవేద్యం!" అని అరిచింది అహల్య.

"వచ్చాక పెడదాం. శివుడు ఏమీ అనుకోడు."

ఆబిడ్స్‌లో సేటు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. గల్లాపెట్టె పక్కన చేతులు కట్టుకుని నిలబడిన అన్నను చూశాడు. తర్వాత, ముళ్లు కదలని గడియారం ఒకటి తీసి విద్యాసాగర్ ముందు పెట్టాడు.