సిస్టరమ్మ బూట్లు

నక్సలైట్లు కల్వర్టు పేల్చేసిన తర్వాత బోయినపల్లి నుంచి లోపలి పల్లెలకు బస్సులు ఆగిపోయాయి. చంటిపిల్లలకు టీకాలు వేసే నర్సు సరోజన ఒక్కతే. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే ఆమె భర్త పరశురాములు తన మోటారు సైకిలు తాళం ఆమె చేతిలో పెట్టి, "నాకు సైకిల్ చాలు. నువ్వు నేర్చుకో," అన్నాడు.

నేర్చుకుంది. కంకర తేలిన దారిలో ఒకనాడు బండి పక్కకు ఒరిగి ఆమె చీలమండ మీద పడింది. ఎముక చిట్లింది. కట్టు విప్పాక అత్త రాజవ్వ, "ఇగ బండి ముట్టకు బిడ్డా," అంది. పరశురాములు మాత్రం భార్యను కోరుట్లకు తీసుకుపోయి చెప్పులు కుట్టే జనార్దన్ ముందు కూర్చోబెట్టాడు.

జనార్దన్ బర్రె తోలుతో పిక్కల దాకా వచ్చే బూట్లు కుట్టాడు. వేళ్ల మీద రెండు తోళ్ల నడుమ ఇనుప రేకు, చీలమండకు ఇరుపక్కలా మందపాటి మెత్త, అడుగున లారీ టైరు ముక్క.

"మొదట్ల కరుస్తయమ్మా. ఆముదం రాస్కుంట పో, ఎన్కసిరి నీ మాటింటయి," అన్నాడు.

కరిచాయి. మడమలు పొక్కిపోయాయి. బూటు ముక్కు లావై గేరు కింద కాలు దూరకపోతే పరశురాములు గేరు కాడను కాస్త పైకి వంచాడు. ఎండల్లో లోపల కాళ్లు ఉడికిపోయేవి. వానల్లో కుట్ల సందుల నుంచి నీళ్లు దిగేవి. కానీ కిక్కు ఎదురు తన్నినా పిక్క కమిలేది కాదు. సైలెన్సరు తగిలినా కాలేది కాదు. ముసురులో ఒకసారి బండి మళ్లీ అదే కాలు మీద పడితే రేకు సొట్టపోయింది, కాలు మాత్రం నొప్పయినా లేకుండా బయటికొచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని బూట్లతో దిగే సరోజనను చూసి మొదట్లో నవ్విన ఊళ్లు తర్వాత నవ్వడం మరిచిపోయాయి.

నవ్వనివాళ్లు వేరే ఉన్నారు. ఒక ఊరి చివర, తలకు తువ్వాల చుట్టుకున్న మనిషి దారికి అడ్డం నిలిచాడు.

"అక్కా, గవి పోలీసు బూట్ల లెక్క కనవడుతున్నయి. తీసెయ్యమని అన్నలు చెప్పమన్నరు."

"చీర కట్టిన పోలీసును యాడన్న చూసిండ్రా మీ అన్నలు? నా కాలిరిగితె ఆళ్లచ్చి సూదులేస్తరా? తియ్యదట అని చెప్పు."

అతని పక్కనుంచి బండి ముందుకు దూకించింది.

నెల తిరక్కుండానే, రోడ్డు పక్క కొత్తగా వెలిసిన పోలీసు క్యాంపు ముందు ఎస్సై ఆపాడు. ఎక్కడో దూరం నుంచి బదిలీ మీద వచ్చినవాడు.

"ఎవరు కుట్టారివి? దళానికి కూడా అతనేనా కుట్టేది?"

"కాలిరిగితె మా ఆయన కుట్టిచ్చిండు సారూ. దళం సంగతి నాకేం ఎరుక?"

"విప్పు."

విప్పింది. అతను బూట్లు కానిస్టేబుల్‌కి అందించి, "ఇవి ఇక్కడే ఉంటాయి. నువ్వెళ్లు," అన్నాడు.

సరోజన వెళ్లలేదు. బండిని సరిగ్గా గేటుకు అడ్డంగా నిలబెట్టింది. టీకాల డబ్బాను దాని నీడలో పెట్టింది. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఒట్టి కాళ్లతో నిలబడింది.

"బూట్లియ్యుండ్రి, పోత. గవి లేకుండ బండెక్క."

"జీపెక్కిస్తా, ఏమనుకున్నావో!"

"ఎక్కియ్యుండ్రి. గదే జీపుల ఊర్లకు వోయి సూదులు మీరే ఎయ్యుండ్రి."

అటుగా పోతున్న ఎడ్లబండి ఆమె మాటలను ముందు ఊరికి మోసుకుపోయింది. కాసేపటికి గీతకార్మికుడి భార్య సమ్మవ్వ మనవణ్ని చంకనేసుకుని వచ్చింది. ఆమె వెనక చంటిపిల్లలతో తల్లులు బారుగా వచ్చారు.

"సిస్టరమ్మా, నువ్వు రాకుంటె మేమే అచ్చినం. ఈడ్నే ఎయ్యి," అంది సమ్మవ్వ.

సరోజన డబ్బా తెరిచింది. కాలుతున్న పాదాలు మార్చి మార్చి మోపుతూ, తుపాకులు పట్టుకున్న వాళ్ల ముందే ఒక్కో బిడ్డకూ సూది వేసింది. ఒకడు ఏడిస్తే పదిమంది అందుకున్నారు. ఆ గోలకు క్యాంపులో వైర్‌లెస్ సెట్టు మాటలు కూడా వినబడలేదు. ఎస్సై చెవులు మూసుకుని డేరాలోకి పోయాడు.

చివరి బిడ్డకు సూది వేసేసరికి కానిస్టేబుల్ బూట్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. లోపలి మెత్తను కత్తితో చీరేశారు. దళం చీటీల కోసం వెతికారు కాబోలు. సరోజన వాటిని అలాగే తొడుక్కుంది.

"ఇగ ఆ తొవ్వ వద్దు. కాలువ కట్ట మీదికెల్లి పో," అన్నాడు పరశురాములు ఆ సాయంత్రం చీరికలు కుడుతూ.

"దొంగలెక్క సుట్టు తిరిగి నేనెందుకు పోవాలె? రోడ్డు ఆళ్లదా?"

తర్వాతి వారం ఆ రోడ్డునే పోయింది. క్యాంపు గేటు దగ్గర ఎస్సై బూట్ల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. బూట్లు తెచ్చి ఇచ్చిన కానిస్టేబుల్ అడ్డుకర్ర పైకెత్తుతూ, బండి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

"సిస్టరూ, మా బిడ్డకు గూడ సూదులెయ్యాలె. ఎప్పుడు తేవాలె?"

"బుధవారం బోయినపల్లికి తీస్కరా," అంది సరోజన గేరు వేస్తూ. "గా తుపాకి మాత్రం బయట వెట్టి రా."