కావలిగుట్ట మీద నిప్పు

ముత్యాలమ్మ బోదపల్లిలో ఆటో దిగి నేరుగా ఓబుళప్ప ఇంటికి పోయింది. మనవరాలు అశ్విని బ్యాగు, సంచి మోసుకుంటూ వెనక నడిచింది. ఓబుళప్ప అరుగు మీద కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. ఆయన ముత్యాలమ్మ మొగుడు గంగన్నకు అన్న, ఆ ఊరికి పెద్దమనిషి. డెబ్బై దాటినా ఊళ్లో తగువులు ఇంకా ఆ అరుగు మీదికే వస్తాయి.

"ఈ రాత్రికి కావలిగుట్ట మీద పండుకుంటాండా బావా," అంది ముత్యాలమ్మ. "దొంగతనంగా పోయిందని అనిపించుకోకూడదు. చెప్పి పోదామని వచ్చినా."

ఓబుళప్ప చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"యాడ?"

"గుట్ట మీద. గదిలో."

"కూర్చో మే. కాఫీ తాగు. తాగి ధర్మవరం బస్సెక్కు."

"కాఫీ పెనుకొండలోనే తాగినా."

కావలిగుట్ట బోదపల్లికి పడమట ఉంది. దాని నెత్తిన రాతి గది ఒకటి, నాలుగు పక్కలా కిటికీలతో. శివరాత్రి దాటింది మొదలు తొలకరి పడేదాకా అడవికి నిప్పంటుకోకుండా చూసేందుకు అటవీ శాఖ అక్కడ ఒక మనిషిని పెట్టేది. చాలా ఏళ్లు ఆ మనిషి గంగన్న. ముత్యాలమ్మ మధ్యాహ్నం సంగటి గంప నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కేది, దీపాలు పెట్టే వేళకు దిగేది. దిగకుండా ఉండటానికి లేదు. ఆడమనిషి రాత్రి గుట్ట మీద ఉండకూడదని ఊరి కట్టు. ఆ కట్టు ఎవరు పెట్టారో ఊళ్లో ఎవరూ చెప్పలేరు. నిలబెట్టింది మాత్రం ఓబుళప్ప, అంతకు ముందు ఆయన నాయన.

ఒక ఎండాకాలం గంగన్నకు జ్వరం వచ్చింది. ఆ సాయంత్రం ముత్యాలమ్మ దిగనంది. ఓబుళప్ప తానే ఎక్కి వచ్చాడు. ఒక్క రాత్రికి ఏమీ కాదని, తెల్లారి మనిషిని పంపిస్తానని చెప్పి ఆమెను దింపుకుని పోయాడు. తెల్లారి ఎక్కిన మనిషి గంగన్న చనిపోయాడని కబురు తెచ్చాడు. కర్మాంతరాలు అయ్యాక ముత్యాలమ్మ కూతురిని వెంటబెట్టుకుని ధర్మవరం చేరింది. పట్టుదారం వడికి కూతురిని పెంచింది, పెళ్లి చేసింది.

తర్వాత కావలి మనిషిని తీసేశారు. గది కప్పు కూలింది. మొన్నామధ్య శాఖవాళ్లు కప్పు వేయించి, కిటికీలకు అద్దాలు పెట్టించి, ఊళ్లు తిరిగేవాళ్లకు రాత్రికింతని అద్దెకిస్తున్నారు. హిందూపురం గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పనిచేసే అశ్విని ఆ ఫొటోలు ఫోన్లో చూసి అవ్వకు చూపించింది. ముత్యాలమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "దీన్ని నాకు పట్టియ్యి," అంది. అశ్విని ఒక రాత్రికి బుక్ చేసింది.

"బెంగళూరోళ్లు పెండ్లాలను పిల్చుకొచ్చి ఆడ పండుకోలేదా బావా?" అని అడిగింది ముత్యాలమ్మ, అరుగు ముందర నిలబడే.

"వాళ్లు పరాయోళ్లు. ఊరి కట్టు ఊరోళ్లకు."

"నేనూ పరాయిదాన్నే. నా ఓటు ధర్మవరంలో ఉండాది."

అశ్వినికి నవ్వొచ్చింది. ఓబుళప్పకు రాలేదు.

"నువ్వు నా తమ్ముని పెండ్లానివి. ఓటు యాడుంటే నాకేం? పొద్దు గుంకేలోపల దిగు. దిగలేదంటే నేనే వస్తా."

"రా. ఆ పొద్దు దిగమన్నావు, దిగినా. ఈ పొద్దు దించు, చూస్తా."

ఆమె చెప్పులు తొడుక్కుంది.

గుట్ట ఎక్కడానికి ఇప్పుడు మెట్లున్నాయి. ముత్యాలమ్మ మెట్లు వదిలి పాత దారినే ఎక్కింది. రెండు చోట్ల కూర్చుంది. అశ్విని చెయ్యి ఇస్తే పట్టుకోలేదు. పైన గది చూసుకునే శ్రీరాములు తాళం తీసి ఇచ్చాడు. ఆయనది సోమందేపల్లి. గదిలో రెండు మంచాలు, పరుపులు, గోడకు పక్షుల ఫొటోలు, మూలన కరెంటు కెటిల్.

"రాత్రికి తిండి ఎట్లమ్మా?" అన్నాడు శ్రీరాములు. "కెటిల్ ఉండాది."

"దాంట్లో సంగటి అవుతుందా?"

"నూడుల్సు అయితాయి."

"నూడుల్సు నువ్వే తిను నాయనా. ఈడ బండ మీద పొయ్యి ఉండాల కదా, ఉండాదా?"

పొయ్యి ఉంది. గదికి తూర్పున బండ మీద మూడు రాళ్లు, మసి పట్టి, ఎక్కడివక్కడే ఉన్నాయి. చుట్టూ గడ్డిపోచ లేదు. శ్రీరాములు ఆ చోటు చూశాడు, బిందెతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు, ఆర్పకుండా పండుకోవద్దని చెప్పి గుట్ట కిందున్న తన గుడిసెకు దిగిపోయాడు. ఆయన మెట్లు దిగుతుండగానే ఫోను మోగింది. ఆయన మాటలు పైకి వినబడ్డాయి. "నా చేతిలో ఏముండాది పెద్దాయనా? బుకింగ్ అయిపోయిండాది. క్యాన్సిల్ అంటే పైనుంచి రావాల... పైనుంచి అంటే గుట్ట మీదినుంచి కాదు, ఆఫీసు నుంచి."

పొయ్యికి ఊరి వైపు ఒకప్పుడు మనిషి రొమ్ము ఎత్తున రాళ్ల గోడ ఉండేది. గాలికి మంట చెదరకుండా గంగన్న పేర్చుకున్న గోడ. గది బాగు చేసినవాళ్లు దాన్ని తీసేసి, ఆ రాళ్లతోనే కూర్చునేందుకు అరుగు కట్టారు. ముత్యాలమ్మ వాళ్లను తిట్టింది, చీర చెంగు అడ్డం పెట్టి అగ్గిపుల్ల గీసింది. ఆ గోడ గాలిని ఒక్కదాన్నే కాదు, మంటను కూడా ఊరికి కనబడకుండా ఆపేదన్న సంగతి ఆమెకు తోచలేదు. గంగన్న ఉన్నన్నాళ్లూ ఆ పొయ్యి వెలుగు బోదపల్లిలో ఎవరూ చూడలేదు.

పొద్దు గుంకింది. ఎసరు కాగింది. ఆమె రాగిపిండి పోసి, తెడ్డు పట్టి తిప్పుతుంటే కింద పళ్లెం చప్పుడు వినబడింది. ఒకటి, తర్వాత నాలుగైదు.

"పెండ్లా అవ్వా?" అంది అశ్విని.

ముత్యాలమ్మ తెడ్డు ఆపింది. "కాదు. యాడో నిప్పు పడిండాది."

లేచి నాలుగు వైపులా చూసింది. పెనుకొండ కోట దిక్కున ఏమీ లేదు. కార్ల ఫ్యాక్టరీ దీపాలు వెలుగుతున్నాయి. రైలు ఒకటి పోతోంది. పొగ ఎక్కడా లేదు. కిందికి చూస్తే టార్చిలైట్లు వరసగా ఊరు దాటి గుట్ట వైపే వస్తున్నాయి.

"అయ్యో!" అంది ముత్యాలమ్మ. "మన పొయ్యే!"

అశ్విని నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.

గుట్ట మీద నిప్పు కనబడితే చూసినవాడు పళ్లెం కొట్టాలి. విన్న ప్రతి ఇంటినుంచి ఒకరు పచ్చి కొమ్మ విరుచుకుని ఎక్కాలి. కొమ్మతో కొట్టే నిప్పు ఆర్పుతారు. మొగవాళ్లు ఎక్కేవాళ్లు. ఈ ఏడాది మొగవాళ్లలో సగం మంది కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో ఉన్నారు. ఇంటికొకరు అన్నది మాత్రం మారలేదు. అందుకని వేపకొమ్మ పట్టుకుని అందరికంటే ముందు బండ మీదికి ఎక్కింది సుకన్య. ఓబుళప్ప ఇంటి పక్కింటి కోడలు. నైటీ మీద టవలు కప్పుకుని ఉంది.

"యాడత్తా నిప్పు?"

"ఏం నిప్పు? సంగటి చేస్తాండా."

"పళ్లాలు కొట్టినారే!"

"ఎవరు కొట్టింది?"

"ఓబుళప్ప మామే. గుట్ట అంటుకున్యాది అని వీధి వీధీ కేకేసినాడు."

వెనక ఒక్కొక్కరే వచ్చారు. తొమ్మిదిమంది ఆడవాళ్లు, గొర్రెలు మేపే వెంకటరాముడు, చివరికి కర్ర పోటేసుకుంటూ ఓబుళప్ప. ఆయన కొడుకు కూడా షిఫ్టులోనే ఉన్నాడు. పైకి చేరి, పొయ్యి చూసి, ముత్యాలమ్మను చూసి, కర్ర మీద వాలి ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎంత పని చేస్తివే," అన్నాడు చివరికి. "ఊరంతా పరిగెత్తిచ్చినావు."

"నేను సంగటి కెలికినా. పళ్లెం కొట్టింది నువ్వు."

"సరే, అయిందేదో అయింది. ఆర్పు. అందరం దిగుదాం. నువ్వు కూడా."

ఆడవాళ్లు టార్చిలు సర్దుకున్నారు. వెంకటరాముడు మాత్రం కదల్లేదు. కొమ్మ బండ మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు.

"దిగేదెట్లన్నా?" అన్నాడు. "నిప్పుకు ఎక్కినోడు తెల్లారేదాకా దిగకూడదు కదా."

"ఇది నిప్పు కాదప్పా, పొయ్యి."

"నువ్వు నిప్పు అని కేకేస్తేనే కదా మేమొచ్చింది? గడ్డి వేర్లలో రవ్వ ఉంటాది, రేత్రి గాలికి లేస్తాది, కావలి ఉండాలని చెప్పేది నువ్వే. మా నాయన కాళ్లనొప్పులని నడిరేత్రి దిగినాడని నీ అరుగు ముందర నిలబెట్టి అడిగినావు. మా ఇంటి పొయ్యికి ఎవరూ నిప్పు ఇయ్యకూడదన్నావు. నాకు గెవణముండాది, మర్చిపోలేదు."

"అది అప్పటి మాట. ఇప్పుడు అందరి ఇండ్లల్లో గ్యాసే కదప్పా."

"అయితే రెండు కట్లూ అప్పటివేనా మామా?" అంది సుకన్య. "ఒకటి ఈ పొద్దుకు పనికొస్తాది, ఇంకోటి పనికిరాదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఓబుళప్ప ఆ వైపు టార్చి తిప్పాడు. వెలుగులో ఉన్న మనిషి నవ్వు ఆపింది, పక్కనున్న మనిషి మొదలుపెట్టింది.

ముత్యాలమ్మ అందరినీ ఒకసారి చూసింది. వంగి కట్టె ఒకటి తీసి పొయ్యిలో పెట్టింది. మంట లేచింది.

"నిప్పు ఇంకా ఆరలేదు బావా," అంది. "ఆరనిచ్చేది కూడా లేదు. దిగేవాళ్లు దిగొచ్చు. నిన్ను అరుగు ముందర నిలబెట్టేందుకు ఊళ్లో ఇంకో పెద్దమనిషి లేడు కదా."

ఓబుళప్ప కర్ర ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. దిగితే తన కట్టు తానే తప్పినట్టు. ఉంటే పదిమంది ఆడవాళ్లు గుట్ట మీద తెల్లవార్లూ ఉన్నట్టు, అదీ తన కళ్లముందర. ఆయన ఏదీ తేల్చకముందే సుకన్య గది గడప మీద కూర్చుని కాళ్లు చాపింది.

"నా మోకాళ్లు ఇంక దిగవు. మా ఆయన రాత్రి షిఫ్టు. పిల్లోళ్లు మా అత్త దగ్గర పండుకున్యారు. అత్తా, సంగటి అందరికీ వస్తాదా?"

"తలా ఒక ముద్ద వస్తాది. నంజుకునేందుకు ఊరుబిండి ఉండాది. పిండి ఇంకొంచెం పోస్తా, ఎవరన్నా తెడ్డు పట్టండి."

అందరూ తిన్నారు. ఓబుళప్ప ముద్ద వద్దన్నాడు. అశ్విని తీసుకుపోయి చేతిలో పెడితే తిన్నాడు.

మంచాలు గోడకు జరిపి, పరుపులు కింద పరిచి, ఆడవాళ్లు గదిలో పడుకున్నారు. ఓబుళప్ప, వెంకటరాముడు బయట బండ మీద పొయ్యి పక్కన ఉన్నారు. ముత్యాలమ్మ పరుపు మీద పడుకోలేదు. తూర్పు కిటికీ కింద, గంగన్న చాప ఉండే చోట, చీర పరుచుకుని పడుకుంది. ఆయన ఆ చోటనుంచి ఏం చూసి ఉంటాడని ఆమె చాలాసార్లు అనుకుంది. పడుకుంటే కిటికీలోంచి ఊరు కనబడదు. ఊరి దీపాలు కనబడవు. ఆకాశం ముక్క ఒకటి కనబడుతుంది, అంతే. ఆ రాత్రి ఆయన పిలిస్తే వినేవాళ్లు లేరని ఆమెకు ముందే తెలుసు. చూసేందుకు కూడా ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది.

"అవ్వా, ఏడుస్తాండావా?" అంది అశ్విని.

"లేదు. ఇన్నేండ్లూ, నేను ఉండాల్సింది, నేను ఉండాల్సింది అని అనుకున్నా." కిటికీ అద్దం తీసే ఉంది. ముత్యాలమ్మ గొంతు తగ్గించలేదు. "అది కాదు. నన్ను ఉండనియ్యాల్సింది."

బయట కర్ర బండకు తగిలిన చప్పుడైంది. ఆమె పక్కకు తిరిగి పడుకుంది. పడుకున్న కొంతసేపటికే గురక పెట్టింది.

తెల్లారేసరికి ఫోన్లు మోగుతున్నాయి. షిఫ్టు దిగి ఇంటికి చేరిన మొగుళ్లు. "యాడుండావు?" అన్న ప్రశ్నకు ఒక్కో మనిషి ఒక్కో గొంతుతో "గుట్ట మీద" అని చెప్పింది. రెండోసారి అడిగించుకుని మళ్లీ చెప్పింది. వెంకటరాముడు పొయ్యిలో నీళ్లు పోసి, బూడిద కెలికి, చెయ్యి పెట్టి చూసి, "ఆరింది," అన్నాడు. ఆడవాళ్లు జుట్లు ముడేసుకుంటూ, ఒకరినొకరు పిలుచుకుంటూ మెట్లు దిగడం మొదలుపెట్టారు.

ఓబుళప్ప గడప దగ్గరికి వచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేదు. రాత్రంతా బండ మీద కూర్చున్న మనిషి, నడుం పట్టేసి ఉంది.

"తెల్లారింది కదా మే," అన్నాడు. "ఇంక దిగుదామా?"

ముత్యాలమ్మ ఆయన్ను చూసింది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆయన ఆమెకు చెప్పడమే తప్ప, ఇట్లా అడగడం ఇదే మొదటిసారి.

"నువ్వు పద బావా," అంది, పరుపులు మంచాల మీదికి ఎత్తుతూ. "గది పదకొండు గంటల దాకా నాదే."