బోర్డు మీద బోర్డు

రెండో స్క్రూ తుప్పు పట్టి మొరాయిస్తోంది. ఎల్డన్ స్టుప్కా తలుపుకి మోకాలు ఆనించి, స్క్రూడ్రైవర్ మీద ఒళ్ళంతా మోపి తిప్పాడు. పొట్టి మనిషే గాని భుజాలు వెడల్పు. కాలేజీ పేరు కుట్టిన పనివాళ్ళ నీలం చొక్కా ఉతికి ఉతికి బూడిదరంగుకి దిగింది. కుడిచేతి బొటనవేలి గోరు ఏనాడో బల్ల కింద నలిగి, అప్పట్నుంచీ రెండు చీలికలుగానే పెరుగుతోంది.

ఆ తలుపు మీద బోర్డు మీద బోర్డు ఉంది. అది ఎల్డన్ పద్ధతి. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీ మొదలైంది రోడ్ల శాఖవాళ్ళు వదిలేసిన షెడ్డులో. ఊళ్ళో ఏ పనికి గిరాకీ ఉంటే ఆ చదువు పెట్టేవారు, ఆ పని పోతే చదువూ ఎత్తేసేవారు. గదిలో చదువు మారినప్పుడల్లా ఎల్డన్ చేతికి కొత్త రేకు బోర్డు వచ్చేది. అతను పాతదాన్ని తీయకుండా దాని మీదే కొత్తది బిగించేవాడు. పాత చదువు మళ్ళీ వస్తే పైది ఊడదీస్తే చాలు కదా అని అతని ఆలోచన. ఒక్కటీ తన పాత గదికి తిరిగి రాలేదు, తలుపులు మాత్రం ఏటికేడు మందమయ్యాయి.

"ఏంటి ఎల్డన్ గారూ, మీ తలుపులకి అంత చలేస్తోందా? ఇన్ని కోట్లు తొడిగారు!" అంటూ వచ్చింది ట్రిష్. భవనాల మీద అజమాయిషీ ఆ అమ్మాయిదే. "ఇవన్నీ ఇవాళ పీకేయండి. రేపట్నుంచి తలుపు పక్కన కంప్యూటర్ తెరలొస్తాయి. గది పేరు దానంతటదే మారిపోతుంది."

"గదిలో ఏం జరుగుతోందో దానికెలా తెలుస్తుందమ్మా?"

"ఆఫీసులో ఎవరో మీట నొక్కుతారులెండి. అది సరే, టిఫిన్ చేశారా? మొహం పీక్కుపోయింది."

తిన్నాడో లేదో ఎల్డన్‌కి గుర్తు రాలేదు. ఈ మధ్య ఇలాగే అవుతోంది. వీధి చివర నిలబడి ఎటు తిరగాలో తోచడం లేదు. ఎవరికైనా చెబితే ఇంట్లో కూర్చోమంటారని అతని భయం. "తిన్నాను" అన్నాడు. కిటికీ గట్టు మీది డబ్బాలో కోలాచీ అనే గసగసాల తీపి రొట్టె ఉంది. డబ్బా మూత కూడా తీయలేదని ఆమె వెళ్ళాక చూసుకున్నాడు.

'నర్సింగ్' ఊడింది. దాని కింద 'కంప్యూటర్ శిక్షణ', దాని కింద 'టైపు, షార్ట్‌హ్యాండ్'. ఒక్కొక్కటి నేల మీద పెడుతుంటే అతనికి ఎక్కడో టకటకమని టైపు మిషన్లు కొడుతున్నట్టే వినిపించింది. ఆగి చెవి ఒగ్గాడు. చప్పుడు ఆగలేదు. తరవాతి బోర్డుకి ఒక స్క్రూ తీసి, చొక్కా చేతితో తుడిచాడు. 'వెల్డింగ్'. అవును మరి, ఇది వెల్డింగ్ షెడ్డే కదా అనుకున్నాడు.

"అయ్యా, వెల్డింగ్ క్లాసు ఎక్కడండీ?"

వెనక ఒకావిడ నిలబడి ఉంది. నడివయసు. చేతుల నిండా మాంసం ఫ్యాక్టరీలో పడిన కత్తి గాట్లు. కొత్త సంచీని రెండు చేతులా పొట్టకి అదుముకుని ఉంది.

"ఇదేనమ్మా" అని బోర్డు చూపించాడు ఎల్డన్. ఆ నిమిషంలో అతనికి అది అబద్ధం కాదు.

ఆవిడ లోపలికి వెళ్ళింది. లోపల మంచాల మీద నిలువెత్తు బొమ్మలు పడుకుని ఉన్నాయి. తెల్లకోట్ల నర్సింగ్ పిల్లలు వాటి నాడి పట్టుకుని చూస్తున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ ఎర్రబడిన మొహంతో బయటికొచ్చింది.

"నాకు ముందే తెలుసు. ఈ వయసులో చదువేంటని మా ఆడపడుచు నవ్వనే నవ్వింది" అని గొణుక్కుంటూ కార్ల వైపు నడిచింది.

ఎల్డన్ స్క్రూడ్రైవర్‌ని కిటికీ గట్టు మీద పెట్టేశాడు. కాలేజీ తెరిచిన కొత్తలో, వెల్డింగ్ నేర్చుకుందామని వచ్చి అతను నిలబడింది ఈ తలుపు ముందే. లోపల ఇస్త్రీ చొక్కాల వాళ్ళని చూసి కాళ్ళు ముందుకి పడలేదు. అంతలో బల్ల మోస్తున్న మనిషొకడు అతన్ని కూలివాడనుకుని, "ఆ చివర పట్టుకోవయ్యా" అన్నాడు. పట్టుకున్నాడు. ఇప్పటికీ మోస్తూనే ఉన్నాడు. ఉద్యోగం దొరికిందని భార్య సంబరపడింది. ఆ రోజు తను ఎందుకు వెళ్ళాడో ఆమె బతికున్నన్నాళ్ళూ ఆమెకి చెప్పలేదు.

ఆవిడ కారు తలుపు తీస్తుండగా ఎల్డన్ రొప్పుతూ చేరుకున్నాడు.

"ఆగమ్మా. తప్పు నాది. ఏ కాలంలో ఉన్నానో నాకే తెలియలేదు."

"ఫర్వాలేదు పెద్దాయనా. రేపెప్పుడైనా వస్తాలే."

"ఇప్పుడు వెళ్తే ఇక రావు."

"నీకెలా తెలుసు?"

"నేను రాలేదు కదా."

"కాలేజీ చొక్కా తొడుక్కుని రోజూ ఇక్కడే ఉంటావు కదయ్యా!"

"ఇక్కడే ఉన్నాను. చదువుకి రాలేదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. కారు తలుపు మూసింది. పేరు ఇర్మా అని చెప్పింది.

రెండు నడవాలు కలిసే చోట ఎల్డన్ ఆగిపోయాడు. కుడికా, ఎడమకా? తను తుడిచిన నేలే, తను రంగు వేసిన గోడలే. అయినా తెలియలేదు. ఏడుపొచ్చింది. ఇర్మా అతని మోచెయ్యి పట్టుకుంది. ఎడమ నుంచి కాలిన ఇనుము వాసన వస్తే ఇద్దరూ అటు నడిచారు.

"రా ఎల్డన్! ఏం పగిలింది మా షెడ్డులో?" అన్నాడు వెల్డింగ్ మాస్టారు వెండెల్.

"ఏం పగల్లేదు. ఈవిడ మీ క్లాసు."

"మరి నువ్వో?"

మాస్టారు ఊరికే అన్నాడు. ఎల్డన్ మాత్రం ఇర్మా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"నేను కూడా."

అందరూ నవ్వారు గాని ఆ నవ్వులో ఎగతాళి లేదు. వెండెల్ ఇర్మాకొకటి, అతనికొకటి వెల్డింగ్ ముసుగు ఇచ్చాడు. "వెనక కూర్చో అయితే. ముసుగు దించకుండా మంటకేసి చూశావంటే ఊరుకోను."

ఎల్డన్ బల్ల మీద కూర్చుని ముసుగు దించాడు. దాని నల్లద్దంలోంచి అంతా చీకటి. ఎటు తిరగాలో, ఏ గదికి ఏ పేరో ఇక ఎవరూ అడగరు. ప్రాణానికి హాయిగా ఉంది. ఆ చీకట్లో చిన్న పచ్చటి వెలుగు పుట్టి మెల్లగా పాకింది. 'ఓహో, ఇలా ఉంటుందా' అనుకున్నాడు.

మంట ఆరింది. అందరూ ముసుగులు ఎత్తారు. ఇర్మా నవ్వుతూ వెనక్కి తిరిగింది. ఎల్డన్ ముసుగు దించే ఉంది. పాపం, ఇంకా చూస్తున్నాడనుకుని ఆవిడ భుజం తట్టింది. అతను ఇక లేవలేదు.

మర్నాడు తెర బిగించడానికి వచ్చినవాళ్ళని ట్రిష్ పక్క గదికి పంపేసి, ఎల్డన్ సగంలో వదిలేసిన తలుపు ముందు ఒక్కతే నిలబడింది. స్క్రూడ్రైవర్ కిటికీ గట్టు మీద, రొట్టె డబ్బా పక్కనే ఉంది. వెల్డింగ్ బోర్డు ఒక్క స్క్రూ మీద పక్కకి వాలి వేలాడుతోంది. దాని వెనక, ఆ తలుపుకి మొట్టమొదట బిగించిన రేకు మీద తెల్లరంగు అక్షరాలు ఇంకా చెదరలేదు: 'చేరదలచినవారు లోపలికి రండి.'