ఆ ఆకుపచ్చ రంగు నాది

నేను ఒక ఆయిల్ ఇంజన్ను. నాకోసం కొన్న ఆకుపచ్చ రంగును ఇంకొకదానికి పూశారు. ఇందులో వాదనకేమీ లేదు. డబ్బా రెండేళ్లు నా పక్కనే ఉంది. మూత నా ఎదుటే తీశారు. బ్రష్ మాత్రం నా వైపు తిరగలేదు.

దూరాన ఒక నగరంలో ఇనుము కరిగించి నన్ను పోతపోశారు. ఐదు గుర్రాల శక్తి అని ఒంటిమీద రేకు కొట్టారు. ఆ గుర్రాలను నేనెప్పుడూ చూడలేదు. మొదట కొన్నాయన కలిగినవాడు. డీజిల్లో కిరసనాయిలు కలిపి తాగించి, పొగ వస్తోందని నన్నే తిట్టేవాడు. అతని దగ్గర పెంచలయ్య కొన్నాడు. పొదలకూరు పక్కన మూడెకరాల నిమ్మతోట పెంచలయ్యది. నాతోపాటు పంపు కూడా వచ్చింది. మా ఇద్దరినీ ఒకే దిమ్మె మీద బిగించి, మధ్యన బెల్టు వేశారు. నేను తిరిగితే అది తిరిగేది. పద్దెనిమిదేళ్లు అంతే. మనుషులు దాన్నే కాపురం అంటారనుకుంటాను.

నన్ను లేపడానికి ఇద్దరు కావాలి. పెంచలయ్య హేండిల్ పట్టి తిప్పేవాడు. అతని భార్య సుగుణమ్మ నా నెత్తిమీది చిన్న మీటను ఎత్తి పట్టుకునేది. వేగం రాగానే అతను "వదులు!" అని అరిచేవాడు. ఆమె వదిలేది. నేను అందుకునేవాణ్ణి.

తోటకు కరెంటు వచ్చింది. బోరులోకి మోటారు దిగింది. పంపు పగుళ్లిచ్చిందని పాత ఇనుము కొనే మనిషికి ఇచ్చేశారు. బెల్టు విప్పేటప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు. ఎప్పటికైనా ఇంకో పంపు చూసి తగిలిద్దాంలే అన్నాడు పెంచలయ్య. కావాలని నేనడిగానా? నన్ను ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టాడు. రంగు వేస్తానని ఆ డబ్బా తెచ్చింది అప్పుడే.

తరవాత ఆ పికప్ వచ్చింది. ఎవరో వదిలించుకున్న పాత బండి. బ్రేకుల్లేవు. ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. నిమ్మకాయల బస్తాలు సొంత బండిలో మార్కెట్‌కు వేసుకుపోవాలని పెంచలయ్య ఆశ. సుగుణమ్మ ఒకటే మాట చెప్పింది.

"షెడ్డులో ఒకదానికే చోటుండాది. వానలొచ్చేలోపల దానికి బ్రేకులు పడితే అది లోపలికి, ఇంజన్ పాత ఇనుపోడికి. పడలేదా, ఆ బండినే అమ్మెయ్. బ్రేకుల్లేని బండెక్కి నువ్వు చస్తే నేను యాడికి పోవాల?"

నా బతుకు దాని బ్రేకు మీద పడింది.

పెంచలయ్య షెడ్డు ముందరే పని పెట్టుకున్నాడు. ముందు దాని ఇంజన్. కిరసనాయిలుతో కడిగాడు. పళ్లు తోముకునే పాత బ్రష్‌తో మూలమూలా తోమాడు. తుప్పు గీకాడు. అప్పుడు నా డబ్బా తెరిచాడు. రెండు పూతలు వేశాడు. ఆరేదాకా గోనెపట్టా అడ్డం కట్టాడు, దుమ్ము పడకూడదట. అది ఒక్క మడికైనా నీళ్లు తోడిందా?

సుగుణమ్మ వాళ్లన్న మస్తానయ్య వచ్చి చూశాడు.

"ఏం బావా, బండికి తలంటి పోస్తుండావా? నా చెల్లికి ఏనాడన్నా పోసినావా?"

"నీ చెల్లికి తుప్పు పట్టలేదులే."

"పట్టిందో లేదో నన్నడగండి," అంది సుగుణమ్మ గడపలోంచి.

తరవాత బ్రేకులు. డ్రమ్ములు ఊడదీసి, అరిగిన లైనింగులు మార్చాడు. బ్రేకు గొట్టాల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఆమె పెడల్ దగ్గర కూర్చుంది. అతను చక్రం పక్కన పడుకున్నాడు.

"తొక్కు. తొక్కు. పట్టుకో, వదలబాక!"

"పట్టుకోనే ఉండా. కాలు తిమ్మిరెక్కింది. నువ్వు కింద నిద్రపోతుండావా ఏంది?"

"వదులు!"

ఆ మాట నాది. నా ఎదుటే దానికి ఇచ్చాడు.

ఇంతలో బ్రేక్ ఆయిల్ అయిపోయింది. అతను నా పక్కనున్న ఇంజన్ ఆయిల్ అందుకున్నాడు.

"అది వేరే గదయ్యా?"

"ఆయిలంటే ఆయిలే. పద్దెనిమిదేళ్లు దీనికి పోసినోణ్ణి, నాకు తెలీదా?"

ఆ నూనె రబ్బరును పాడుచేస్తుందని నాకు తెలుసు. నోరున్నా చెప్పేవాణ్ణి కాదు. రెండు రోజులకు లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి, చక్రాలు బిగుసుకుపోయాయి. చేసిన పనంతా పోయింది. ఆ పూట నాకు బాగుంది.

అతను మొండివాడు. అన్నీ మళ్లీ విప్పాడు. గొట్టాలు కడిగాడు, కొత్త వాషర్లు వేశాడు, సరైన ఆయిల్ తెచ్చి పోశాడు. రోడ్డు మీంచి ఇంటి వైపు వాలు ఉంది. ఆ వాలు చివర షెడ్డు, షెడ్డులో నేను. బండిని పైనుంచి వదిలి చూస్తానన్నాడు. సుగుణమ్మ కూడా ఎక్కింది.

"నువ్వెందుకు? దిగు."

"నేనుంటేనే నువ్వు ఒళ్లు దగ్గర పెట్టుకుంటావు. బండి పోనీ."

బండి వాలు మీద వేగం అందుకుంది. సూటిగా నా మీదికే వస్తోంది. బ్రేకు పడకూడదని కోరుకున్నాను. లోపల సుగుణమ్మ ఉంది. రెండు చేతులతో ముందు కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. చూశాను. చూసి కూడా పడకూడదనే కోరుకున్నాను.

పడింది. నాకు మూరెడు దూరంలో బండి ఆగింది.

ఆమె దిగి చీర దులుపుకుంది. "సరే, రేపే ఆ పాత ఇనుపోణ్ణి పిలిపించు," అంది. నా వైపు చూడలేదు.

ఇప్పుడు పాత ఇనుము కొట్టు వెనక ఉన్నాను. పక్కన విరిగిన ఫ్యాన్లు, చక్రాల్లేని సైకిళ్లు. ఎలా వచ్చావని అడుగుతాయి. ముసలితనం అంటాను. ఆ వాలు మీద నేనేం కోరుకున్నానో మీకొక్కరికే చెప్పాను. తప్పయిందని అనను. ఇక ఎవరడిగినా ఆ సంగతి ఎత్తను.