రెండు నుంచి నాలుగు దాకా

మధ్యాహ్నం రెండు కాగానే మదార్ రేడియో పెట్టాడు, తిట్టాడు, ఆపేశాడు, మళ్ళీ పెట్టాడు. పదకొండు రోజులుగా ఇదే వరస. ఏలూరులోని ఆ చిన్న రేడియో స్టేషన్ వాళ్ళు పాత పాటల కార్యక్రమాన్ని చెప్పాపెట్టకుండా ఎత్తేశారు. ఆ వేళకి ఇప్పుడు ఎవరో ఇద్దరు కూర్చుని, ఒకరి మాటకొకరు పగలబడి నవ్వుతూ, మధ్యమధ్య హోరెత్తే కొత్త పాటలు వేస్తున్నారు. ఎందుకా నవ్వో అల్లాకే తెలియాలి.

స్టేషన్‌కి ఫోన్ చేస్తే, "వినేవాళ్ళు లేరండీ" అంది అక్కడి అమ్మాయి.

"నేను వింటున్నాను కదండీ!"

"అవునండీ, రోజూ మీరొక్కరే ఫోన్ చేస్తున్నారండీ" అంది ఎంతో మర్యాదగా.

పాటలు పోతే పోయాయని సరిపెట్టుకోవడానికి లేదు. మదార్, అతని భార్య బద్రున్నీసా తివాచీలు నేస్తారు. మగ్గం ముందు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని ముడులు వేసి, అడ్డంగా పేక దారం దూర్చి, ఇనప దువ్వెనతో కిందికి కొడతారు. ఇద్దరి దెబ్బా ఒక్కలా పడాలి. ఇరవై రెండేళ్ళుగా ఆ పాటలే మదార్ చేతిని నిదానంగా ఉంచాయి. అసలే అతనికి ముక్కు మీద కోపం.

ఆ రోజే గూడెం చర్చి పెద్ద నిత్యానందంగారు తమ తివాచీ ఎంతవరకూ వచ్చిందో చూసుకోవడానికి వచ్చారు. టేపు పెట్టి కొలిస్తే మదార్ వైపు రెండు వేళ్ళు తక్కువ వచ్చింది.

"పాస్టరుగారు నిల్చునే చోట పరిచేదండీ ఇది. నెలాఖరుకి కావాలి. మీవల్ల కాకపోతే చెప్పెయ్యండి మదార్ గారూ, ఏమీ అనుకోను. మిషన్ మీద నేసింది కొనుక్కుంటాం."

ఏమీ అనుకోనన్న మాటే మదార్‌కి ఎక్కడో గుచ్చుకుంది. ఆయన వెళ్ళగానే భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు వదులుగా కొట్టబట్టే ఇలా తగలడింది!"

"నేనెప్పట్లాగే కొడుతున్నానండీ. మీరే పగబట్టినట్టు బాదేస్తున్నారు" అంటూ ఆమె వంకరపోయిన వరసలు విప్పడం మొదలుపెట్టింది.

"ఆ పాటలుంటే ఇలా అయ్యేదా? నీకేం వెలితిగా లేదూ?"

"నాకా పాటలు ఎప్పుడూ నచ్చలేదండీ."

తన వైపు ముడులు కత్తిరిస్తున్న మదార్ కత్తెర పక్కన పెట్టేశాడు. "ఇరవై రెండేళ్ళు విన్నావు కదే! ఒక్కసారైనా చెప్పలేదేం?"

"అవి వస్తున్నంతసేపూ మీరు నన్ను కసిరేవారు కాదు. రోజు మొత్తంలో ఆ రెండు గంటలే. అందుకని ఊరుకున్నాను."

మదార్‌కి తల కొట్టేసినట్టయింది. రేడియో కట్టేశాడు. పెళ్ళైన ఇన్నాళ్ళకి మొదటిసారి అడిగాడు, "మరి నీకేం వినాలనుంటుంది?"

"మీరు మాట్లాడండి."

"ఏం మాట్లాడనే?"

"ఏదో ఒకటి. కోపం లేకుండా."

తివాచీ విప్పడం తేలికే. ఈ పని మాత్రం కొరుకుడు పడలేదు. సాయంత్రమంతా అరుగు మీద అటూ ఇటూ తిరిగాడు, ఒక్క మాటా తట్టలేదు. మర్నాడు రెండైంది. బల్ల మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు, ఆగాడు, మళ్ళీ సవరించుకున్నాడు.

"చిన్నప్పుడు ఒకసారి... కొల్లేట్లో దోనె మీంచి పడిపోయాను. ఏడుస్తుంటే అందరూ నవ్వారు."

"అయ్యో! ఎప్పుడూ చెప్పలేదేం? తర్వాత ఏమైందండీ?" అంటూ బద్రున్నీసా దువ్వెన ఎత్తింది. ఆమె చెయ్యి దిగేదాకా చూసి, మదార్ తన దువ్వెన కూడా అంతే మెత్తగా దించాడు.