మసితో తోమిన వెండి

కుమకురా కత్సుమి పదిహేనో ఏట బడి మానేశాడు. ఆ తర్వాత ఎవరి చేతా మార్కులు వేయించుకోకుండా బతకాలనుకున్నాడు గానీ, లోకం ఊరుకుంటుందా? మేస్త్రీ వేశాడు, షెడ్డు యజమాని వేశాడు, పెళ్ళయ్యాక అత్తగారు వేసింది. ఇప్పుడు యాభై మూడో ఏట, మార్చి నెలాఖరు శుక్రవారం పొద్దున, నాగఓకా వాహనాల తనిఖీ కేంద్రంలో ఒక మిషను వేసింది. నెత్తిమీద బోర్డులో ఎర్రగా ఇంటూ గుర్తు వెలిగింది. లెక్కల కాగితం మీద మాస్టారు పెట్టిన గుర్తే. అప్పట్లో సిరాతో పెట్టేవాళ్ళు, ఇప్పుడు కరెంటుతో పెడుతున్నారు.

“బ్రేకులు పాసండీ. హారను పాసు. హెడ్‌లైట్లు రెండూ ఫెయిలు,” అన్నాడు కళ్ళజోడు ఇన్‌స్పెక్టరు గాజుగదిలోంచి మైకులో, వెనక వరసలో ఉన్న వ్యాన్లవాళ్ళందరికీ వినబడేలా.

“ఫెయిలేంటండీ? అద్దాల్లా ఉన్నాయి. చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.”

“గడ్డం సంగతి రూల్సులో లేదండీ. వెలుగు చాల్లేదు, పడే చోటు కూడా తప్పింది. అంత పాత బండ్లకి గీత కిందికి దించే పెట్టారు. దానికీ అందలేదు. ఎదురు షెడ్డులో ఓసారి చూపించుకు రండి. రోజుకి మూడుసార్లు రావచ్చు. ఇది ఒకటి.”

ఎదురు షెడ్డు సంగతి కుమకురాకి తెలియక కాదు. ఏ తనిఖీ కేంద్రం ముందైనా అలాంటి కొట్టు ఒకటుంటుంది. పరీక్షకి ముందు దీపాలు సరిచేసి పంపుతారు. బుద్ధున్నవాడెవడైనా ముందు అక్కడికి వెళ్ళే ఇక్కడికొస్తాడు. కుమకురా వెళ్ళలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా బండ్ల సొట్టలు తీసిన చెయ్యి తనది. ఇంకొకడొచ్చి తన బండి మీద చెయ్యేసి ‘ఇలా కాదు’ అంటే పడలేడు.

పైగా అది ఎలాంటి బండి! ఇంగ్లండులో 1948లో తయారైన చిన్న నల్ల కారు. ఎవరో కలిగినవాడు మోజుపడి ఓడమీద తెప్పించుకుని, మోజు తీరాక ముక్కలుగా వదిలేస్తే, ఆ ముక్కల్ని తెచ్చుకున్నాడు. ఓ పాత ధాన్యపు కొట్టం అద్దెకి తీసుకుని తొమ్మిదేళ్ళు కూర్చాడు. రేకు ఎక్కడ చిల్లుపడిందో, ఎక్కడ అతికాడో ఇప్పుడు దేవుడొచ్చినా కనిపెట్టలేడు. అదే తన ఖర్మ అనుకునేవాడు. సొట్ట తీసేవాడు పని బాగా చేస్తే వాడు పని చేసినట్టే కనపడదు. చెడగొడితేనే పేరొస్తుంది.

ఆ కొట్టాన్ని సోమవారం కూల్చేస్తున్నారు. నంబరున్న బండైతే అపార్టుమెంటు కింద పెట్టుకోవచ్చు. నంబరు లేనిదాన్ని అక్కడ పెట్టనివ్వరు, రోడ్డు మీద అసలే ఉంచకూడదు. ఇక్కడిదాకా నడపడానికి ఇచ్చిన తాత్కాలిక నంబరు పలకలకి గడువు ఇవాళ్టితో సరి. ఇవాళ నంబరు రాకపోతే బండి బావమరిది రికియా కాఫీ హోటలు ముందుకి పోతుంది. వాడు ఇంజను పీకేసి అందులో పూలమొక్కలు వేస్తాట్ట. భార్య కూడా సరేనంది. “పూలైనా పూస్తాయి,” అంది.

కుమకురా బండిని పార్కింగులో ఓ మూలకి తోసుకుపోయి, దీపాల వెనక మరలు తనే తిప్పాడు. గోడకేసి చూశాడు, మళ్ళీ తిప్పాడు. పదకొండున్నరకి రెండోసారి వరసలోకి వెళ్ళాడు. పట్టాల మీద పక్కకి జరిగే పెట్టె ఒకటి వచ్చి బండి ముందు నిలబడి, ఒక దీపాన్ని చూసింది. జరిగి రెండోదాన్ని చూసింది. దానికి కోపం లేదు, జాలీ లేదు. వెలుగు పడే చోటు సరిపోయిందని గుండ్రని సున్నా, ఇక్కడ సున్నా అంటే పాసు. వెలుగు చాలలేదని ఇంటూ.

“ఇంకొక్కటే ఉందండీ ఇవాళ్టికి. నాలుగింటి లోపల,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి మైకులో కాదు, బయటికొచ్చి మెల్లగా చెప్పాడు. అది మరీ గుచ్చుకుంది.

పన్నెండయింది. ఊరి మైకులో మధ్యాహ్నపు పాట మోగింది. తనిఖీ వరసలు మూసేశారు. ఫోను కూడా మోగింది.

“బావా, కుండీలు తెచ్చి పెట్టాను. ఎర్రవి కావాలా, పసుపా?”

“నీ నెత్తిన నాటుకో.”

“అంటే మళ్ళీ తప్పావన్నమాట! ఏముంది బావా, కొత్త దీపాలు బిగించరాదూ?”

“ఆ కొలతవి ఎక్కడా లేవు. తెప్పించాలంటే నెల. నీకు చెప్పినా ఒకటే, కుండీకి చెప్పినా ఒకటే.”

ఫోను జేబులో పడేసి రోడ్డు దాటాడు.

షెడ్డులో ఒక ముసలామె పీట మీద కూర్చుని, సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్ద తింటోంది. డెబ్భై అయిదుంటాయి. నెత్తికి తువ్వాలు, కాళ్ళకి రబ్బరు బూట్లు. పేరు హరుయే అని గుమ్మం మీదే రాసుంది. ఆమె వెనక గోడకి లేత ఆకుపచ్చ రంగు. దానిమీద నల్లగీతలు అడ్డంగా, నిలువుగా. ఆ గీతలు కలిసే రెండుచోట్లా రంగు వెలిసిపోయి తెల్లగా పాలిపోయింది.

“అక్కడ నీళ్ళు కారాయా మామ్మగారూ?” అన్నాడు కుమకురా, మాట ఎలా మొదలెట్టాలో తెలీక.

“నీళ్ళు కాదయ్యా. దీపాలు. నలభై రెండేళ్ళుగా ఊళ్ళో బండ్లన్నీ అక్కడే చూశాయి,” అంది హరుయే నమలడం ఆపకుండా. “పొద్దున్నించీ చూస్తున్నా. రోడ్డుకి ఇవతల నేనున్నానని తెలిసి, అవతల మూలకెళ్ళి మరలు తిప్పుకుంటున్నావు. రెండుసార్లు తప్పాక నడిచొచ్చావు. మగాళ్ళంతా ఇంతే. మా ఆయన దారితప్పితే సముద్రం అడ్డొచ్చేదాకా ఆగేవాడు కాదు.”

కుమకురా వెళ్ళి బండిని షెడ్డులోకి తెచ్చాడు. ఆమె చేతులు కడుక్కుని బండి చుట్టూ తిరిగింది. రేకు మీద వేలి వెనకవైపుతో తట్టి చూసింది.

“నువ్వు రేకుపనివాడివి.”

“ఎవరు చెప్పారు?”

“నీ బండే చెప్పింది. దీపం విప్పు.”

గాజు ఊడదీసి, బల్బు వెలుగుని ముందుకి తిప్పే లోపలి గిన్నెని ఆమె చేతికిచ్చాడు. ఇత్తడి మీద వెండి పూసిన గిన్నె అది, అరచేతంత లోతు. ధగధగా మెరిసిపోతోంది. ఆమె దాన్ని కిటికీ వైపు తిప్పి చూసి, నెత్తి కొట్టుకుంది.

“దేంతో తోమావయ్యా దీన్ని?”

“బంపర్లు తోమే పేస్టుతో. మూడు రోజులు తోమాను. ఎందుకండీ?”

“బంపరు మెరవాలి. ఇది మెరవకూడదు.” గిన్నెని అతని మొహం ముందు పెట్టింది. “ఏం కనపడుతోంది?”

“మెరుపు.”

“అదే నీ జబ్బు. మెరుపు కనపడుతోందంటే వెలుగు అక్కడే ఆగి ఆడుకుంటోందన్నమాట. నీ కంటికి ఆనని గీతలు లక్ష గీశావు. ఒక్కో గీత కాస్త కాస్త వెలుగు తినేస్తోంది. అద్దం అసలు ఉన్నట్టే తెలియకూడదయ్యా. ఉన్నట్టు తెలిసిందంటే అది చెడిపోయినట్టే.”

కుమకురాకి ఎక్కడో కలుక్కుమంది. తన పని గురించి తను అనుకునే మాటే అది. తను దాన్ని శాపంలా తిట్టుకునేవాడు. ఈవిడ వంట సంగతి చెప్పినట్టు చెప్పేసింది.

“బాగవుతుందా?”

“గంటన్నర పడుతుంది. ఎక్కువ మాట్లాడావంటే రెండు గంటలు.”

ఆమె చిన్న పళ్ళెంలో ఆవనూనె పోసి, వత్తి వేసి వెలిగించింది. దానిమీద టీ గిన్నె బోర్లించి, ఒక అంచు ఎత్తిపెట్టింది. కాసేపటికి గిన్నె లోపల మసి నల్లగా, మెత్తగా పట్టింది. ఈకతో దాన్ని కాగితం మీదికి దులిపి, రెండు చుక్కలు స్పిరిట్ వేసి, లేడితోలు ముక్కతో మెదిపింది. ఆ నల్లటి ముద్దని వెండి గిన్నె నిండా పట్టించింది. మెరుస్తున్నదంతా ఒక్క క్షణంలో మాడిన మూకుడులా అయింది.

కుమకురా గిన్నె వైపు చెయ్యి చాపాడు. “మసి పూసి మారేడుకాయ చేద్దామనా మామ్మగారూ? లోపలున్నది మిషను. మాయలో పడదు.”

“నోరు మూసుకుని చూడు. మా నాన్న ఈ ఊళ్ళోనే రైలింజన్ల షెడ్డులో దీపాలు చూసేవాడు. ఆవిరి ఇంజను ముందు ఇంతంత గిన్నెలుండేవి. మంచు తుపానులో డ్రైవరుకి పట్టాలు కనపడేది వాటితోనే. లోకంలో మసికంటే మెత్తటి పొడి లేదనేవాడు. వెండి మసికొక్కదానికే లొంగుతుందట.”

తోమడం మొదలుపెట్టింది. లోపల్నించి అంచుకి, ఎప్పుడూ అటే, వెనక్కి రాకుండా. చేతిలో బలం లేదు. అసలు తాకుతోందా అనిపించేటంత తేలిగ్గా పోతోంది ఆ చెయ్యి. కుమకురా తన జన్మలో ఎన్నో చేతులు చూశాడు. సుత్తి పట్టిన చేతులు, వెల్డింగు మంట పట్టిన చేతులు. బలం వాడకుండా లోహాన్ని దారికి తెచ్చే చెయ్యి మాత్రం ఇదే చూడటం. పీట దగ్గరికి జరిగాడు. తనకి తెలియకుండానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

మొదటి గిన్నె తుడిచి పక్కన పెట్టింది. కుమకురా తొంగిచూశాడు. మెరుపు లేదు. గిన్నె అడుగు ఎక్కడుందో కంటికి అందలేదు. నూతిలోకి చూసినట్టుంది. అందులో కిటికీ ఉంది, కిటికీ బయట ఆకాశం ఉంది. మధ్యలో లోహం ఏమైపోయిందో తెలియలేదు.

రెండో గిన్నె సగంలో ఉండగా ఆమె చెయ్యి ఆగింది.

“ఇటు రా. ఇది చూడు.”

మసి తుడిచిన చోట, అంచుకి రెండు వేళ్ళ ఎడంలో, సన్నటి సుడి ఒకటి తేలింది. వేలిముద్ర. బొటనవేలిది. గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

“నాది కాదు. చేతికి తొడుగు లేకుండా పట్టుకోలేదు నేను,” అన్నాడు కుమకురా కంగారుగా.

“నీది కాదులే. నీది ఇంత లోతుకి దిగదు. చెమట వెండిని తినాలంటే ఏళ్ళు పడుతుంది. దీన్ని బిగించినవాడిది. ఆ పూట తొడుగు మర్చిపోయాడో, చిరిగిపోయిందో. వెండి ఓసారి ముట్టుకున్నవాణ్ణి మర్చిపోదయ్యా.”

కుమకురా వంగి చూశాడు. డెబ్భై అయిదేళ్ళ క్రితం, ఎక్కడో సముద్రాల అవతల, తనలాంటివాడే ఒకడు. పనిలో తొందరో, పరధ్యానమో, ఒక్క క్షణం బొటనవేలు ఆనించాడు. వాడి పేరు వాడి ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో. వేలు ఇక్కడుంది. తను తొమ్మిదేళ్ళు ఈ బండిని అణువణువూ తడిమాడు, ఈ మనిషిని మాత్రం ఇప్పుడే కలుసుకున్నాడు.

“తోమేస్తే పోతుందా?”

“గట్టిగా తోమితే పోతుంది. అక్కడ వెండి కూడా పల్చబడుతుంది. ఉంచితే రవ్వంత వెలుగు తగ్గుతుంది. బండి నీది. చెప్పు.”

రెండు దాటింది. ఇంకొక్కటే పరీక్ష. రికియా కుండీలు కళ్ళముందు కనపడ్డాయి. ఎర్రవి, పసుపువి.

“ఉంచండి,” అన్నాడు కుమకురా.

హరుయే తలూపి, ఆ ముద్ర చుట్టూ లేడితోలు తిప్పుకుంటూ పోయింది.

మూడింటికి దీపాలు బిగించి, షెడ్డు తలుపు దించి, ఆకుపచ్చ గోడ మీదికి వెలిగించారు. పొద్దున గోడమీద పడ్డది ఒలికిన పాలలా ఉంది. ఇది అచ్చుపోసినట్టు, గుండ్రంగా, తేనె రంగులో, సరిగ్గా ఆ పాలిపోయిన మచ్చల మీద నిలబడింది. బల్బు అదే. బ్యాటరీ అదే.

“లోపల మిషను చూస్తున్నప్పుడు ఇంజను కాస్త పాడనివ్వు. కుట్టుమిషను మోతంత. పాత డైనమో, నిద్రపోతే దీపం పోతుంది,” అంది హరుయే. “ఇక నడు. నా అన్నం ముద్ద సగంలో ఉంది.”

మూడున్నరకి మూడోసారి. పెట్టె పట్టాల మీద వచ్చి ఎడమ దీపం ముందు ఆగింది. కుమకురా పెడలు తొక్కిపట్టాడు. సున్నా. పెట్టె కుడిదీపం ముందుకి, ఆ వేలున్న దీపం ముందుకి జరిగింది. బోర్డు ఖాళీగా ఉండిపోయింది. ఒక ఊపిరి. రెండు. అతను పెడలు వదల్లేదు. అప్పుడు వెలిగింది, పచ్చగా, గుండ్రంగా, సున్నా.

ఇన్‌స్పెక్టరు గాజుగదిలోంచి బయటికొచ్చాడు. “దీపాలు మార్చారా?”

“లేదండీ.”

“మరేం చేశారు?”

“మసి పూశాం.”

“మసా?” ఇన్‌స్పెక్టరు వంగి దీపంలోకి చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు. వెనక వ్యానువాడు హారను కొట్టినా చాలాసేపు లేవలేదు.

నంబరు పలకలు బిగించుకుని కుమకురా షెడ్డు ముందు బండి ఆపాడు. లోపల హరుయే ఏదో కూరగాయల వ్యాను దీపం కింద నడుం వంచి ఉంది. పలకల వైపు ఒకసారి చూసి, స్క్రూడ్రైవరుతో ‘పో పో’ అన్నట్టు ఊపింది. అతను కారు దిగి, నడుం సగానికి వంచి దణ్ణం పెట్టాడు. అత్తగారికి కూడా అంత వంగి పెట్టలేదెప్పుడూ.

ఫోను మోగింది. రికియా. కుమకురా ఎత్తలేదు.

ఇంటిదారిలో కొండ కింద సొరంగం ఉంది. లోపలికి పోగానే దీపాలు వేశాడు. ముందున్న రాతిగోడ తడి తడిగా, పగులు పగులుగా, చివరిదాకా లేచి నిలబడింది. తేనె రంగు వెలుగు దాన్ని తడుముకుంటూ పోతోంది. ఆ వేలి మచ్చ నీడ ఎక్కడైనా పడుతుందేమోనని కుమకురా కుడివైపు వెతుక్కుంటూ నడిపాడు. సొరంగం అయిపోయేదాకా వెతికాడు. ఎక్కడా కనపడలేదు. అంతా వెలుగే.